పెళ్ళి భోజనంలో పోయిన రిటైనర్

పళ్ళకు క్లిప్పులు తీసేసిన రోజున పెట్టించుకున్నవాడూ, డబ్బు కట్టిన తండ్రీ ఇక పని అయిపోయిందనుకుంటారు. డాక్టరు అనుకోడు. అందుకే, పళ్ళు మళ్ళీ పాతచోటికి జరక్కుండా, వాటి వరసకు అచ్చంగా సరిపోయే ప్లాస్టిక్ తొడుగొకటి చేతిలో పెడతాడు. అదే రిటైనర్. గాజులా కనబడకపోవడమే దాని గొప్ప, దానికి గండమూ అదే.

ఈ కథలో పెళ్ళికొడుకు తమ్ముడివి ఎత్తుపళ్ళు. మామూలుగా పై ముందుపళ్ళు కింది వాటికంటే 2, 3 మిల్లీమీటర్లు ముందుంటాయి, ఇంచుమించు అంతే మేర కిందివాటిని కప్పుతాయి. ఇతనికి ఆ ముందరితనం 8. వానొస్తే కింది పెదవి తడవదని మేనమామ వేళాకోళం. పైన రెండు చిన్న దవడపళ్ళు పీకి (గట్టి పళ్ళు డబ్బిచ్చి పీకించుకోవడమేమిటని తండ్రి గొణుగుడు), పళ్ళకు తీగను పట్టి ఉంచే బ్రాకెట్లు అంటించి, మొదట మెత్తటి నికెల్ టైటానియం తీగతో వరస సరిచేసి, తర్వాత స్టీలు తీగ మీద ముందుపళ్ళను నెలకు సుమారు 1 మిల్లీమీటరు వెనక్కి జరిపారు. పన్ను జరిగే వైపు ఎముక కరగాలి, వెనక కొత్తది పూడాలి. తొందరపడి గట్టిగా లాగితే పంటి వేరు అరిగిపోవచ్చు. అలా రెండేళ్ళు పట్టింది.

పెళ్ళి పంక్తిలో కూర్చున్నాడు. తినేముందు రిటైనర్ తీయాలి, తీశాడు. డబ్బాలో పెట్టాలి, డబ్బా విడిదిలో ఉంది. టిష్యూలో చుట్టి విస్తరి పక్కన పెట్టాడు. చెయ్యి కడుక్కొచ్చేసరికి బల్ల మీది కాగితాన్ని ఆ చివర్నుంచి ఈ చివరికి, విస్తళ్ళతో సహా చుట్టేశారు.

పట్టుబట్టలతోనే ఎంగిలాకుల డ్రమ్ము చుట్టూ చేరారు.

"ఏం పోయిందండీ?" అడిగారు ఆడపెళ్ళివారు.

"మావాడు పళ్ళకు పెట్టుకునేదండీ."

"కట్టుడు పళ్ళా! ఈ వయసులోనా?"

చివరికి మునక్కాడ పిప్పి కింద దొరికింది. "ఎంగిల్లోంచి తీసింది నోట్లో పెట్టుకుంటావుట్రా!" అంటూ నాయనమ్మ దాన్ని మరిగే నీళ్ళలో వేసింది. ఆ ప్లాస్టిక్ వేడికి మెత్తబడి వంకర తిరుగుతుంది. చన్నీళ్ళు, మెత్తని బ్రష్షు, ఇంత సబ్బు చాలు. బయటికి తీసేసరికి అది మూడు పళ్ళకు పట్టి, మిగతా వాటి మీద గాల్లో తేలింది. నొక్కి ఎక్కించబోయారు. అదింకా తప్పు: వంకర తొడుగు పళ్ళనూ ఆ వంకరకే తోస్తుంది.

ఆగడానికీ లేదు. చిగుళ్ళలోని పీచులు కొత్త చోటికి అలవాటు పడటానికి ఏడాది దాకా పడుతుంది, ఈలోగా పళ్ళను పాతచోటికే లాగుతుంటాయి. మర్నాడే డాక్టరుకి ఫోన్ చేసి, మళ్ళీ కొలతలిచ్చి, కొత్తది చేయించారు. ఎర్ర డబ్బా కొన్నారు.

పళ్ళు కదల్లేదు గానీ మాట కదిలింది. మొన్న చిన్నవాడికి సంబంధం తెచ్చినాయన, కట్నం సంగతి ఎత్తకముందే, "అబ్బాయివి సొంత పళ్ళేనా అండీ?" అని వాకబు చేశాడు.