మరికొంత పరిశోధన అవసరమని మనవి

కడుపు నిండని పిల్లవాడికి పాఠం ఎక్కదన్న సంగతి వాడి తల్లికి తెలుసు. అయితే తల్లి మాటను శాస్త్రం ఆధారంగా స్వీకరించలేదు. ఆమె నమూనాలో ఉన్నది ఒక్క పిల్లవాడే. పైగా ఆ పిల్లవాడి మీద ఆమెకున్న పక్షపాతం జగమెరిగినది. అందుచేత ఆమెకు తెలిసినదానినే మళ్లీ మొదటి నుంచి, పద్ధతి ప్రకారం, ఏ పక్షపాతమూ లేకుండా తెలుసుకునే బాధ్యతను పండితులు నెత్తికెత్తుకున్నారు. యాభై ఏళ్లకు పైగా వర్ధమాన దేశాల పల్లెలూ మురికివాడలూ తిరిగి, ఒంటి ఆరోగ్యానికీ చదువుకూ, చదువుకూ సంపాదనకూ, సంపాదనకూ తిరిగి ఒంటి ఆరోగ్యానికీ లంకె ఉన్నదని తేల్చారు. ఇంత తేల్చిన తరువాత కూడా పత్రం చివర "ఈ విషయమై మరింత పరిశోధన అవసరం" అని వినయంగా రాసుకున్నారు. ఆ వాక్యాన్ని ఎగతాళి చేసేవారు ఈమధ్య ఎక్కువయ్యారు కాబట్టి, దాని తరఫున వకాల్తా పుచ్చుకోక నాకు తప్పలేదు.

గ్వాటెమాలా సంగతే చూడండి. 1969లో ఇంకాప్ అనే పోషకాహార సంస్థ అక్కడ నాలుగు పల్లెలను ఎంచుకుని, రెండింటిలో మాంసకృత్తులు కలిపిన అటోలే అనే జావను, మిగిలిన రెండింటిలో మాంసకృత్తులు బొత్తిగా లేని ఫ్రెస్కో అనే తియ్యటి పానీయాన్ని పంచడం మొదలుపెట్టింది. 1977 వరకు పంచింది. అక్కడితో వదిలేసి ఉంటే అది ఒట్టి గంజి కేంద్రం అనిపించుకునేది. పరిశోధన గనుక, పాతికేళ్ల తరువాత మళ్లీ వెళ్లి, ఆనాటి పిల్లలు ఇప్పుడు గంటకు ఎంత సంపాదిస్తున్నారో లెక్కకట్టారు. రెండేళ్లు నిండకముందు జావ తాగిన మగపిల్లలు పెద్దయ్యాక, పానీయం తాగినవారికంటే గంటకు 46 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని 2008లో ప్రకటించారు. ఆడపిల్లల కూలిలో అటువంటి తేడా కనిపించలేదట. జావ అందరికీ పోశారు గాని, కూలి పంచే చోట గరిటె వేరేవారి చేతిలో ఉంటుంది. సరే, అది వేరే పత్రం. ఇక్కడ నేను చేతులెత్తి నమస్కరించదలచుకున్నది పానీయం తాగిన రెండు పల్లెల మగవారికి. వారు తక్కువ సంపాదించకపోతే, ఆ ఎక్కువ ఎంత ఎక్కువో ప్రపంచానికి తెలిసేదే కాదు. శాస్త్రం కోసం ప్రాణాలర్పించినవారి పేర్లు పుస్తకాలకెక్కాయి. శాస్త్రం కోసం జీవితాంతం తక్కువ కూలికి పనిచేసినవారిని మాత్రం "రెండవ బృందం" అంటున్నారు.

జమైకాలో ఇంకా పొదుపుగా చేశారు. 1986లో కింగ్‌స్టన్ పేదవాడల్లో, వయసుకు తగ్గ ఎత్తు ఎదగక గిడసబారిన 129 మంది పసిపిల్లలను ఎంచుకుని, వారిలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట చొప్పున వెళ్లి, చేత్తో చేసిన బొమ్మలతో పిల్లలను ఆడించారు, ఆడించడం తల్లులకు నేర్పారు. రెండేళ్లు ఇలా నడిచింది. ఇరవై ఏళ్ల తరువాత చూస్తే ఆ పిల్లల సంపాదన, ఎవరూ ఆడించని పిల్లల సంపాదనకంటే 25 శాతం ఎక్కువగా ఉంది. వారానికి ఒక గంట, కాసిని బొమ్మలు, ఒక మనిషి: ఇంతకంటే చవకైన ఉపాయం ఇంకొకటి ఉందా అని లోకం తొందరపడుతుంది. లోకానికి ఓపిక తక్కువ. పండితులు మాత్రం తొణకలేదు. అదే పిల్లలను ముప్పై ఒకటో ఏట మళ్లీ వెతికి పట్టుకుని మళ్లీ కొలిచారు. ఆడించింది రెండేళ్లు, కొలిచింది ముప్పై ఏళ్లు. ఈ నిష్పత్తిలోనే మన యుగధర్మం ఉన్నదని నా అభిప్రాయం.

చదువు విషయానికి వస్తే, నాకు ఎంతో ప్రీతిపాత్రమైన ఫలితం పశ్చిమ కెన్యాది. 1990ల మధ్యలో అక్కడి బడులకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇచ్చి చూశారు. పుస్తకం చేతికి వస్తే పిల్లలు బాగుపడతారని ఎవరైనా అనుకుంటారు. సగటు పిల్లల మార్కుల్లో ఏ మార్పూ లేదు. అంతకుముందే బాగా చదివే కొద్దిమందికి మాత్రమే మేలు జరిగింది. కారణం ఆరా తీస్తే, ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, ఆ పిల్లల్లో చాలామందికి ఇంగ్లీషు మూడో భాష. చదవగలిగినవాడికే పుస్తకం పనికివస్తుందన్న మాటను ఇంత పకడ్బందీగా నిరూపించిన పత్రం మరొకటి నేను ఎరుగను. ఆ పత్రమూ ఇంగ్లీషులోనే వెలువడింది. ఆ తరగతుల్లో మొదటి బెంచీవాళ్లు ఇప్పటికి దాన్ని కూడా చదివి లాభపడి ఉంటారు.

అదే కెన్యాలో 75 బడుల పిల్లలకు నులిపురుగుల మాత్రలు వేస్తే, బడి ఎగ్గొట్టడం నాలుగో వంతు తగ్గిందని 2004లో ఇద్దరు ఆర్థికవేత్తలు రాశారు. 2015లో వేరే పరిశోధకులు ఆ పాత లెక్కలను తిరగదోడి, ఫలితం మొదట చెప్పినంత గట్టిది కాదన్నారు. అక్కడినుంచి ఇరుపక్షాలూ కత్తులు దూసుకున్నాయి. ఆ పోరుకు నులిపురుగుల యుద్ధాలని పేరు కూడా పడింది. మాత్ర వేస్తే పురుగు పోతుందా అన్న విషయంలో ఇరుపక్షాలకూ తగాదా లేదు. పురుగు పోవడం ఒక్కటే చాలదు, అది పోవడంవల్ల హాజరు పట్టీ మీద పడిన ప్రభావపు గణాంక ప్రాముఖ్యమెంత, అంటే అది కాకతాళీయం కాదని ఎంత గట్టిగా చెప్పవచ్చు అన్నదే వివాదం. పిల్లల కడుపులో ఉన్నది పురుగే గాని, అది ఇంత చర్చకు నోచుకున్న పురుగు. ఆ ఇద్దరు ఆర్థికవేత్తల్లో ఒకరైన మైకేల్ క్రీమర్, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిసి 2019లో ఆర్థికశాస్త్రపు నోబెల్ అందుకున్నారు. నేను వారిని ఆక్షేపించడం లేదు. ఉదయపూర్ జిల్లా పల్లెల్లో టీకా వేయించుకుంటే కిలో పప్పు ఇస్తామంటే ఏమవుతుందో చూసినవారిలో బెనర్జీ, డఫ్లో దంపతులూ ఉన్నారు: ఏమీ చేయని పల్లెల్లో పూర్తిగా టీకాలు పడిన పిల్లలు 6 శాతం, క్రమం తప్పకుండా శిబిరం పెట్టిన పల్లెల్లో 18, శిబిరంతో పాటు పప్పు కూడా ఇచ్చిన పల్లెల్లో 39. పనికివచ్చే సంగతే. కాకపోతే పప్పు ఇస్తే జనం వస్తారన్న రహస్యం వంటమనిషికి చెబితే నవ్విపోతుందేమోనని నా భయం.

బడిలో, ఆసుపత్రిలో అసలు మనుషులుంటారా అన్నది కూడా పరిశోధనకు అర్హమే. బంగ్లాదేశ్, ఈక్వడార్, భారత్, ఇండోనేషియా, పెరూ, ఉగాండా దేశాల్లో చెప్పాపెట్టకుండా వెళ్లి చూస్తే, ఉపాధ్యాయుల్లో 19 శాతం, ఆరోగ్య సిబ్బందిలో 35 శాతం ఆ సమయానికి అక్కడ లేరని 2006లో వచ్చిన పత్రం చెప్పింది. ఎవరూ గమనించని విశేషం ఒకటుంది. పంతులు రాని బడికి కూడా, పంతులు రాలేదని రాసుకునే మనిషి ఠంచనుగా వచ్చాడు. వైద్యుడు చేరని కేంద్రానికి కూడా, దుమ్ము కొట్టుకుపోయిన దారిలో పడి, ఖాళీ కుర్చీని లెక్కపెట్టే మనిషి చేరుకున్నాడు. రాకపోకల సౌకర్యాలు లేవన్న సాకు ఇకమీద చెల్లదు. వచ్చినవాడినే ఆ పూట పాఠం చెప్పి పొమ్మంటే ఎలా ఉంటుందని ఒక మిత్రుడు అడిగాడు. అలా చేస్తే ఫలితాలు కలుషితమవుతాయని అతనికి ఓపికగా వివరించాను.

ఇక అసమానత. దీని మీద జరిగే పరిశోధనకు ఒక అదృష్టం ఉంది: ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కరలేదు, పరిశోధనలోనే దొరుకుతుంది. 2020లో నేచర్ అనే శాస్త్ర పత్రిక, తన పుటల్లో వచ్చే వ్యాసాన్ని ఎవరైనా ఉచితంగా చదువుకునేలా తెరిచి ఉంచాలంటే రచయిత పక్షాన 9,500 యూరోలు చెల్లించాలని ప్రకటించింది. తరువాత పేద దేశాల రచయితలకు మినహాయింపు ఇచ్చారు, అది వేరే సంగతి. ప్రపంచ బ్యాంకు ఇప్పుడు కటిక పేదరికానికి గీసిన గీత రోజుకు 3 డాలర్లు. ఆ గీత మీద నిలబడిన మనిషి ఎనిమిదేళ్లకు పైగా బతికే ఖర్చుతో, అతను ఎలా బతుకుతున్నాడో చెప్పే వ్యాసం ఒకటి అచ్చవుతుందన్నమాట. ఆ డాలర్లు ఒక్కో దేశపు ధరలను బట్టి, కొనుగోలు శక్తి ప్రకారం సరిచేసిన డాలర్లు, వాటినీ యూరోలనూ కలపకూడదని అర్థశాస్త్రజ్ఞులు నన్ను మందలిస్తారు. ఒప్పుకుంటాను, సరిచేస్తే లెక్క ఇంకా అధ్వానమవుతుంది గనుక, వారి పరువు కోసం సరిచేయకుండా వదిలేశాను. ఆ గీత కూడా 2025 జూన్ వరకు 2.15 డాలర్ల దగ్గర ఉండేది. దాన్ని జరిపిన రోజున, సుమారు 12.5 కోట్లమంది అదనంగా కటిక పేదల జాబితాలోకి వచ్చారు. ఉదయం మామూలు పేదలుగా లేచినవారు పొద్దుగూకేసరికి కటిక పేదలయ్యారు. అదే చాప, అదే కుండ, పదవి మాత్రం పెరిగింది. వారికి ఆ కబురు అందించే ఏర్పాటు ఏదైనా జరిగిందో లేదో, పరిశోధించవలసిందే.

పత్రానికి పేర్లెక్కే తీరు మరొక ముచ్చట. పరదేశపు ఆచార్యుడు విమానం దిగి, పది రోజులు ఉండి, సేకరించిన సమాచారంతో విమానమెక్కితే దాన్ని పారాచూట్ పరిశోధన అంటారు. ఈ పేరు కొంచెం అన్యాయమైనది; పారాచూట్‌తో దిగినవాడు తిరిగి పైకి ఎగరలేడు. ఆ పది రోజులూ భాష తెలిసి, దారి తెలిసి, ఏ ఇంట్లో ఏ ప్రశ్న అడగకూడదో తెలిసిన స్థానికుడు కృతజ్ఞతల పేరాలో కనిపిస్తాడు. సమాధానాలు చెప్పినవారు అక్కడా కనిపించరు, వారి గోప్యతను కాపాడాలి కదా. పేదవాడికి సంపూర్ణంగా దక్కిన హక్కు ప్రపంచంలో ఏదైనా ఉంటే, పత్రంలో తన పేరు లేకుండా ఉండే హక్కే.

ఇంత చెప్పినా, కొలవడం మానేస్తే బాగుండునని నేను ఒక్కసారి కూడా అనలేదని పాఠకులు గమనించాలి. ఆ ముచ్చట కూడా తీరింది. 1984 నుంచి తొంభైకి పైగా దేశాల్లో శిశుమరణాలు, కాన్పులు, పిల్లల ఎత్తూ బరువూ లెక్కకడుతూ వచ్చిన జనాభా ఆరోగ్య సర్వేల కార్యక్రమాన్ని, దాని ఖర్చు భరించిన అమెరికా ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. జనన మరణాల నమోదే సరిగా లేని దేశాల్లో, ఎందరు పిల్లలు పోతున్నారో తెలిసేది చాలావరకు ఆ సర్వేల వల్లనే. లెక్క లేనప్పుడు సమస్యా లేదు. శిశుమరణాలను ఇంత వేగంగా, ఇంత తక్కువ ఖర్చుతో కాగితం మీద తగ్గించిన పథకం చరిత్రలో మరొకటి లేదు. ఈ ఒక్క పేరా నేను మామూలుగా రాసే గొంతుతో రాయలేకపోయాను, మన్నించాలి.

కొలతకు తిరిగి వద్దాం. ఏ సర్వే అయినా మొదట సమ్మతి పత్రం చదివి వినిపించాలి. "దీనివల్ల మీకు ప్రత్యక్షంగా ఏ ప్రయోజనమూ ఉండకపోవచ్చు" అన్న వాక్యం అందులో ఉంటుంది. ఈ రంగమంతటిలో ఇంతకంటే నిజాయతీగల వాక్యం నాకు కనబడలేదు. తల్లి వేలిముద్ర వేస్తుంది. ఇంటి నేల మట్టిదా, సిమెంటుదా అన్నది అడగరు, చూసి రాసుకుంటారు. తరువాత పద్దెనిమిది నెలల పాపను కొలబద్ద ఉన్న చెక్కబల్ల మీద పడుకోబెడతారు. ఒకరు తలను పైపలకకు ఆనించి పట్టుకుంటారు, ఇంకొకరు మోకాళ్లు వంగకుండా అదిమి కిందిపలకను పాదాలకు జరుపుతారు. పాప గుక్కపట్టి ఏడుస్తుంది. దశాంశంతో సహా చదవాలి: 73.6 సెంటీమీటర్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం ఆ వయసు ఆడపిల్ల సగటున 80.7 ఉండాలి. పెలోటాస్, అక్రా, ఢిల్లీ, ఓస్లో, మస్కట్, డేవిస్ నగరాల్లో, తిండికీ వైద్యానికీ లోటు లేని ఇళ్ల పిల్లలను కొలిచి తయారుచేసిన ప్రమాణం అది. ఆరు దేశాల పిల్లలూ ఇంచుమించు ఒకేలా ఎదిగారని అప్పుడే తేలింది. జాతి వేరు, ఒడ్డూపొడుగూ వేరు అన్న మాటకు తావు లేకుండా పోయింది. మిగిలిన కారణం ఏమిటన్నది ఇప్పటికీ పరిశోధిస్తున్నారు.

పాపను ఎత్తుకుని సముదాయిస్తూ తల్లి అడుగుతుంది: "ఎంత ఉండాలయ్యా, మా పాప?"

రాసుకునేవాడికి జవాబు తెలుసు. కాని ఇంటివారి సమాధానాల మీద తన మాటల ప్రభావం పడకూడదని శిక్షణలో మరీ మరీ చెప్పారు. ఇంటివారికి జవాబు తెలియకపోతే రాయడానికి 98 అనే అంకె ఉంది. ఇంటివారే ప్రశ్న అడిగితే ఏ అంకె వేయాలో ఫారంలో లేదు. కలం ఒక్క క్షణం గాలిలో ఆగుతుంది.

"తరువాతి ప్రశ్న అమ్మా. మీ ఇంట్లో రిఫ్రిజిరేటర్ ఉందా?"