ఉత్తర్వు వెళ్లింది సరే, గంట మోగిందా?

ఐదో తరగతికి వచ్చినా రెండో తరగతి వాచకం చదవలేని పిల్లల కోసం ప్రభుత్వాలు తరచూ ఏదో ఒక పేరుతో కార్యక్రమం ప్రకటిస్తూనే ఉంటాయి. ఫలితం రాకపోతే పద్ధతే పనికిరాదని తేల్చేసి, కొత్త పేరుతో ఇంకొకటి మొదలుపెడతారు. ఆ పద్ధతి తరగతి గదిలో అనుకున్నట్టుగా నడిచిందా అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

పిల్లలను చదివే తరగతిని బట్టి కాకుండా, వారు చదవగలిగే స్థాయిని బట్టి జట్లుగా చేసి, అక్కడి నుంచే నేర్పే పద్ధతిని ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ అభివృద్ధి చేసింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం దీన్ని పలు రాష్ట్రాల్లో పరీక్షించింది. 2008 వేసవిలో బిహార్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయులే శిబిరాలు నడిపి ఈ విధంగా బోధించినప్పుడు పిల్లల చదువు మెరుగుపడింది. అదే రాష్ట్రంలో, బడి నడిచే రోజుల్లో ఉపాధ్యాయులకు శిక్షణ, సామగ్రి ఇచ్చి వదిలేసిన చోట చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. పద్ధతి ఒకటే, ఉపాధ్యాయ వర్గమూ ఒకటే. వేసవిలో సిలబస్ ఒత్తిడి లేదు. బడి తెరిచాక సిలబస్ పూర్తి చేయడమే అసలు పని అయింది. ఉత్తరాఖండ్‌లో వాలంటీర్లను ఇచ్చినా, వారు మామూలు తరగతుల పనిలో కలిసిపోవడంతో ఫలితం దక్కలేదు.

ఈ అనుభవంతోనే 2012-13లో హర్యానాలో 400 బడుల్లో జరిగిన ప్రయోగాన్ని వేరుగా మలిచారు. రోజూ ఒక గంటను దీనికే అదనంగా కేటాయించారు. పర్యవేక్షించవలసిన అధికారులు ముందుగా తామే కొన్ని రోజులపాటు పిల్లలకు ఈ పద్ధతిలో పాఠాలు చెప్పి చూశాకే బడులకు వెళ్లారు. పిల్లల హిందీ మెరుగుపడింది. అక్కడే పరీక్షించిన నిరంతర సమగ్ర మూల్యాంకనం (ఏడాది పొడవునా పిల్లల ప్రగతిని అంచనా వేసి నమోదు చేసే విధానం, సీసీఈ) వల్ల మాత్రం అభ్యసనంలో మార్పు కనిపించలేదు. ఆ మూల్యాంకనం పేరిట రిజిస్టర్లు నింపిన మన ఉపాధ్యాయులకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదనుకుంటాను.

అమలును గమనించడమంటే మన దగ్గర సాధారణంగా యాప్‌లో ఫొటో, మార్కుల నమోదు, స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరి బడుల సమూహం) సమావేశంలో నివేదిక. ఇవి బోధనను చూపలేవు. పైగా ఆ మార్కులనూ నమ్మడం కష్టం: ఉపాధ్యాయుల పర్యవేక్షణలోనే జరిగే రాత పరీక్షలు పిల్లల సామర్థ్యాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపుతున్నాయనీ, ట్యాబ్‌లపై పెట్టిన పరీక్షలు స్వతంత్ర పరీక్షల ఫలితాలకు దగ్గరగా ఉన్నాయనీ ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక అధ్యయనమే తేల్చింది. తక్కువ మార్కులు వేస్తే సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుందని భయపడే చోట నిజమైన అంకెలు పైకి రావు.

అందుకే తనిఖీ చేసే మనిషి మారాలి. నెలకు ఒకసారైనా తరగతిలో పూర్తిగా ఒక గంట కూర్చుని, స్థాయి జట్లు ఉన్నాయా, అక్షరాలు రాని పిల్లవాడికి అక్షరాలే నేర్పుతున్నారా, ఆ గంట నిజంగా దక్కిందా అని చూసి, అవసరమైతే తానే ఒక పాఠం చెప్పి చూపగలిగినవారే ఆ పనికి అర్హులు. ప్రతి మాటా పుస్తకంలో ఉన్నట్టే చెప్పాలని పట్టుబట్టడం నా ఉద్దేశం కాదు. కథను మార్చుకోవచ్చు, ఆటను మార్చుకోవచ్చు, గిరిజన ప్రాంతంలో పిల్లల ఇంటి భాషలో వివరించవచ్చు. స్థాయిని బట్టి బోధన, రోజువారీ సమయం, తిరిగి స్థాయి చూసి జట్టు మార్చడం అనే మూడు మాత్రం తప్పకూడదు.

ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులను ఒక్కరే మోస్తున్నప్పుడు ఇవి తప్పితే ఆ ఉపాధ్యాయుడిని నిందించలేం; అక్కడికి అదనంగా ఒక మనిషిని పంపవలసిన బాధ్యత విద్యాశాఖది.

తెలంగాణలో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పేందుకు 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ అయినా, ఆంధ్రలో వచ్చే మరే కార్యక్రమమైనా, దాన్ని కొనసాగించాలా, మార్చాలా అని నిర్ణయించే ముందు అది ఎన్ని బడుల్లో, వారానికి ఎన్ని గంటలు, ఎంతమంది పిల్లలకు నిజంగా అందిందో మండలాలవారీగా బయటపెట్టాలి. ఆ లెక్కలను సేకరించే పనిని కార్యక్రమం నడిపే విభాగానికి కాకుండా వేరేవారికి అప్పగించాలి.