మెమో ఇచ్చిన రక్షణ మెమోతోనే పోయింది

ట్రంప్ రెండోసారి పదవి చేపట్టిన 2025 జనవరి 20నే అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఒక పాత మెమోను రద్దు చేసింది. ఆసుపత్రుల్లో, బడుల్లో, ప్రార్థనా స్థలాల్లో వలస అరెస్టులకు వీలైనంతవరకు దిగవద్దని 2011 నుంచి ఉన్న, 2021లో మరింత విస్తరించిన కట్టుబాటు అలా పోయింది. దీన్ని కేవలం ట్రంప్ దుందుడుకుతనంగా చూసేవారితో నాకు పేచీ ఉంది. చట్టసభ గడప తొక్కని కాగితాన్ని ఒక అధికారి రాస్తే, మరో అధికారి చించేయగలడు.

ఆ కాగితం చెల్లిన రోజుల్లోనైనా ఏపాటి కాపాడింది? 2017 అక్టోబరులో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పదేళ్ల బాలికను పిత్తాశయ శస్త్రచికిత్స కోసం టెక్సస్‌లోని లరెడో నుంచి కార్పస్ క్రిస్టీకి అంబులెన్సులో తీసుకెళ్తున్నారు. వలస పత్రాలు లేని తల్లిదండ్రులు దారిలోని చెక్‌పోస్టు దాటే సాహసం చేయలేక, పౌరసత్వమున్న బంధువును తోడు పంపారు. సరిహద్దు గస్తీ సిబ్బంది అంబులెన్సును ఆపి, ఆసుపత్రి దాకా వెంబడించి, గది బయట కాపు కాసి, డిశ్చార్జి కాగానే ఆ పిల్లను శాన్ ఆంటోనియోలో వలస పిల్లలను ఉంచే కేంద్రానికి తరలించారు.

నేరస్తులకు ఆసుపత్రి అడ్డా కాకూడదన్న వాదన ఉంది. కాకూడదు. అందుకే పాత విధానంలోనూ దేశ భద్రత, తక్షణ ప్రాణాపాయం వంటి మినహాయింపులు ఉండేవి. న్యాయమూర్తి వారంటును అప్పుడూ ఇప్పుడూ ఎవరూ అడ్డుకోలేదు.

అసలు కీలకం ఆ వారంటులోనే ఉంది. వలస అధికారులు సాధారణంగా చూపే కాగితం మీద వారంట్ అనే మాట పెద్దక్షరాల్లో ఉంటుంది, కింద సంతకం మాత్రం ఆ శాఖ అధికారిదే. కోర్టు పేరు ఎక్కడా కనిపించదు. రోగుల గదుల్లోకి వెళ్లే హక్కు దానికి లేదు. ఈ తేడాను రాత్రి రెండు గంటలకు రిసెప్షన్‌లో ఒంటరిగా ఉన్న ఉద్యోగి గుర్తుపట్టాలని ఆశించడం అన్యాయం కనుక, కోర్టు ఉత్తర్వు లేనిదే ఆసుపత్రి లోపలి గదుల్లోకి రానివ్వకూడదని 2025 సెప్టెంబరులో కాలిఫోర్నియా చట్టమే చేసింది. అమెరికా చట్టసభ కాంగ్రెస్ దేశమంతటికీ చేయాల్సింది ఇదే. ఎమర్జెన్సీకి వచ్చిన వారెవరినైనా పరీక్షించాలని 1986లో చట్టం చేసిన దేశం, వారు గుమ్మం దాకా రావడానికే భయపడేలా చేస్తే ఆ చట్టానికి అర్థమేముంది?

మన పిల్లలు చట్టబద్ధమైన వీసా స్టేటస్‌లోనే ఉన్నారు కదా అనుకునే తెలుగు తల్లిదండ్రులు 2019 నాటి ఫార్మింగ్టన్ ఉదంతాన్ని గుర్తు తెచ్చుకోవాలి. ప్రభుత్వమే నడిపిన ఆ నకిలీ విశ్వవిద్యాలయంలో చేరి స్టేటస్ పోగొట్టుకుని అరెస్టయినవారిలో తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. స్టేటస్ పోయిన మాత్రాన కడుపునొప్పి రాకుండా ఆగదు.

గుమ్మాన్ని కాపాడినా రికార్డుల గది తెరిచే ఉంది. ఫ్లోరిడాలో 2023 నుంచి, టెక్సస్‌లో 2024 నుంచి ఆసుపత్రులు రోగి వలస స్థితిని అడుగుతున్నాయి. 2025 జూన్‌లో పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ లబ్ధిదారుల వివరాలు హోంలాండ్ సెక్యూరిటీ శాఖకు చేరాయి. దాని మీద రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. వైద్యం కోసం ఇచ్చిన ఇంటి చిరునామా చేతిలో ఉన్న అధికారికి ఆసుపత్రి దాకా రావాల్సిన పనే ఉండదు.