వెన్నను తూచే చట్టం

పోయిన వానాకాలం ఒడిశాలోని జయపురం నుంచి విశాఖ వెళ్తుంటే సరిహద్దులో సుంకి దగ్గర పోలీసులు మా బస్సు ఆపారు. వెనక సీటు కింద రెండు బ్యాగులు, వాటి నిండా బ్రౌన్ టేపు చుట్టిన గంజాయి పొట్లాలు. పక్కనే ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. కానిస్టేబుల్ చేతిలో కొక్కెం ఉన్న డిజిటల్ కాటా. ఒక్కో బ్యాగూ తగిలించి అంకె గట్టిగా చదివాడు. రెండూ కలిపి ఇరవై రెండు కేజీల చిల్లర. నా పక్కన కూర్చున్న ప్లీడరు గారు "మూడు కేజీలు తక్కువ మోసుంటే సగం బయటపడేవాడండీ" అన్నారు. ఆ కుర్రాడు కాటా వైపు చూడనేలేదు. సీటు కింద చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.

ఆ కాటా నాకు ఈ మధ్య మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది. రాయగడ, బరంపురం నుంచి హైదరాబాద్, బెంగళూరు వెళ్లిన మన పిల్లలు సెలవులకి వచ్చి అడుగుతున్నారు. గంజాయిని వెన్నలో కలిపి ఇంట్లోనే కేకో, బిస్కెట్లో చేసుకుంటే తప్పేంటి, శివరాత్రికి భంగు తాగట్లేదా అని. మొక్క ఒకటే. కానీ 1985 నాటి మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) లెక్కలో గంజాయి అంటే పూత, కాపు ఉన్న కొసలు. విడిగా ఉన్న ఆకు, గింజ గంజాయి కావు. భంగు ఆకుతో చేస్తారు కాబట్టి దాని దారి వేరు. వెన్నలో పడేది పూత. గంజాయి కలిపిన ఏ మిశ్రమమైనా తన పరిధిలోకే వస్తుందని చట్టం విడమరిచి చెప్పింది. వంటింట్లో చేశామన్నా, మన కోసమే చేసుకున్నామన్నా అది మారదు.

అసలు చిక్కు తూకంలో ఉంది. గంజాయి 1 కేజీ వరకు చిన్న పరిమాణం, 20 కేజీలు దాటితే వాణిజ్య పరిమాణం. అదే మొక్క జిగురుతో చేసే చరస్‌కి ఆ హద్దులు 100 గ్రాములు, 1 కేజీ. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, మత్తు పదార్థంలో కలిసిన మామూలు సరుకు బరువునీ లెక్కలోకి తీసుకోవాలి. ఈ లెక్కని వంటింటికి తెచ్చి చూడండి. ఎవరో అయిదు గ్రాముల చరస్ వెన్నలో కరిగించి, మైదా, చక్కెర, కోకో కలిపి 1,200 గ్రాముల బ్రౌనీలు చేశారనుకుందాం. తూకం 1,200 గ్రాములు. అంటే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్ల కఠిన శిక్ష, లక్షకు తగ్గని జరిమానా. 37వ సెక్షన్ అడ్డం పడి బెయిలు రావడమూ కష్టమే. అదే 19 కేజీల పచ్చి గంజాయితో దొరికినవాడికి పదేళ్లు మించవు. చక్కెరకి, మైదాకి మనిషిని పదేళ్లు లోపల పెట్టే లెక్క ఇది. ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2021లో ముంబైలో 10 కేజీల బ్రౌనీలు పట్టుకున్నప్పుడు ఏది తూచాలన్న ప్రశ్నే కోర్టుకెక్కింది.

కల్తీ బరువు తీసేస్తే వ్యాపారులకి సందు దొరుకుతుందని, వీధిలో అమ్మే సరుకంతా కలిపిందేనని హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. హెరాయిన్ పొడి విషయంలో ఆ మాటలో న్యాయం ఉంది. వెన్నకి, కేకుకి అది అతకదు.

అసలు కొలవాల్సిందేమిటో వంటింట్లోనే తెలుస్తుంది. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే వెన్నలో, నెయ్యిలో వేస్తారు, భంగుకి పాలు పోస్తారు. పొగలో నిమిషాల్లో తెలిసేది తిండిలో అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. ఏమీ కాలేదని రెండో ముక్క తింటారు. తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. కాలేయంలో టీహెచ్‌సీ ఇంకా బలమైన రూపంలోకి మారుతుంది, దాని ప్రభావం గంటల తరబడి దిగదు. పైగా ఇంట్లో కలిపిన వెన్న అంతటా ఒకేలా ఉండదు. ఒక ముక్కలో ఏమీ ఉండదు, పక్క ముక్కలో మూడింతలు ఉంటుంది. ఫ్రిజ్‌లో డబ్బా మీద పేరుండదు. బడి నుంచి ఆకలితో వచ్చిన పిల్లాడు అది తీసి రొట్టెకి రాసుకుంటాడు. అందుకే ఇంట్లో ఈ వెన్న చెయ్యొద్దని నా దగ్గరికి వచ్చిన ప్రతి కుర్రాడికీ చెప్పాను. అమ్మకానికి అనుమతించిన కెనడాలో కూడా తినే సరుకు ఒక్కో ప్యాకెట్‌లో టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు మించకూడదు. వాళ్లు మత్తుని కొలుస్తున్నారు, మనం గిన్నెతో సహా తూచినట్టు తూస్తున్నాం. మన చట్టంలో గంజాయికి టీహెచ్‌సీ శాతం అన్న మాటే లేదు.

ఈ గుడ్డి తూకం బాగా తగిలేది నగరంలో బ్రౌనీ చేసుకునేవాడికి కాదు, మా కొండల్లో బస్తా మోసేవాడికి. శీలావతి పేరుతో దేశమంతా తిరిగే సరుకు ఈ ఆంధ్రా ఒడిశా సరిహద్దుదే. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్రా పోలీసులు 2 లక్షల కేజీలు తగలబెట్టారు. అక్కడ తోటలు నరికాక పంట ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ వైపు జరిగింది. బలిమెల జలాశయం చుట్టుముట్టిన చిత్రకొండ అవతలి ఊళ్లకి 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా పడవే దిక్కు. అల్లం పండించినా సంతకి చేరేసరికి అడిగినంతకి ఇచ్చి రావాల్సిందే. గంజాయికైతే అడ్వాన్సు ఇచ్చేవాడు గుమ్మంలోకే వస్తాడు. మోసేవాడికి ట్రిప్పుకింత కూలి. వాడు 22 కేజీలు మోస్తే వ్యాపారితో సమానం, వాడి చేత మోయించినవాడు కాటా దగ్గర ఉండనే ఉండడు.

మార్చాల్సినవి రెండున్నాయి. కలిపిన తిండిలో మత్తు ఎంతుందో ల్యాబు చెప్పాలి, శిక్ష దాని మీదే ఆధారపడాలి. కూలికి మోసినవాడికి, పెట్టుబడి పెట్టినవాడికి చట్టంలో వేర్వేరు శిక్షలుండాలి. ఇవి రాకుండా కోరాపుట్ కాలాజీరా బియ్యానికి, కాఫీకి ఎన్ని పేర్లు తెచ్చినా, మా కుర్రాళ్లు ఆ బస్సు వెనక సీట్లోనే దొరుకుతారు. ఆ రోజు ఆ పిల్లాడికి చెప్పు ఒక్కటే దొరికింది. జీపు దాకా ఒంటి కాలి చెప్పుతోనే నడిచాడు.