జలుబుకి ఎన్ని అజిత్రోలు?

మా వీధి చివర మందుల షాపులో కత్తెరకున్న వైద్య పరిజ్ఞానం ఇంకెవరికీ లేదని మొన్ననే తెలిసింది. నా ముందు నిలబడ్డాయన ముక్కు చీది, "జలుబు బాబూ, ఒళ్ళంతా నొప్పులు" అన్నాడు. కౌంటర్ కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే అజిత్రోమైసిన్ స్ట్రిప్పు లాగాడు. బాక్టీరియా మీద పనిచేసే యాంటీబయోటిక్ అది. "రోజుకొకటి, మూడు రోజులు." "రెండు చాల్లే, తగ్గాక దండగ." కత్తెర కిచుక్కుమంది. డాక్టరు చీటీ ఊసే లేదు. చీటీ లేకుండా వాడొద్దని చెప్పే స్ట్రిప్పు మీది ఎర్ర గీతని ఇద్దరూ డిజైన్ అనుకున్నట్టున్నారు.

ఇక ఆ బిళ్ళ పాట్లు చూడండి. బాక్టీరియా అంటే సొంతిల్లున్న సంసారి. పెన్సిలిన్ జాతి మందులు దాని గోడ లేవనివ్వవు. అజిత్రో దాని వంటగదికి, అంటే ప్రోటీన్లు తయారయ్యే రైబోజోములకి, తాళం వేస్తుంది. మన కణాలకి ఆ గోడే లేదు, వంటగది కట్టడమూ వేరు, కాబట్టి మన జోలికి రావు. జలుబు తెచ్చేది మాత్రం వైరస్, మన కణాల్లో అద్దెకి దిగే రకం. అజిత్రో గారు తాళంకప్పతో ముక్కులోకి వేంచేసి, "వంటగది ఎటండీ?" అంటారు.

"మాకు వంటెక్కడిది సార్, ఓనరు గారి పొయ్యి మీదే."

"పోనీ మా అమాక్సిసిలిన్ తమ్ముణ్ణి పంపనా? గోడల పని చూస్తాడు."

"ఇల్లే లేదంటే గోడంటారేంటి!"

వచ్చిన దారి ఖర్చయినా గిట్టాలి కదా. ఆయన పేగుల్లోకి దిగి, మన తిండి అరగడానికి సాయపడుతూ తమ మానాన బతికే బాక్టీరియా ఇళ్ళకి తాళాలు బిగిస్తారు. మర్నాడు మన జలుబాయనకి విరేచనాలు. "వేడి చేసింది" అంటాడు. మళ్ళీ అదే షాపు, అదే కత్తెర. వారానికి జలుబు దానంతటదే పోతుంది, పేరు మాత్రం అజిత్రోకి. ఈలోగా ఆ తాళం పడని బాక్టీరియా ఏవో నాలుగు మిగిలి, పిల్లాపాపలతో వర్ధిల్లి, ఆ కిటుకు ఇరుగుపొరుగుకీ పంచిపెడతాయి.

చాలీచాలని మోతాదు వాడితే సూక్ష్మజీవులు మొండికేస్తాయని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే మొత్తుకున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలో ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ వెలుగు చూసింది, 1948లో. అంత కష్టపడి తెచ్చిన సరుకుని మనం చిల్లర లేనప్పుడిచ్చే చాక్లెట్టులా పంచుకుంటున్నాం.

2019లో మందులకి లొంగని బాక్టీరియా నేరుగా బలిగొన్నది ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మందినని అంచనా. అందులో పురిటి వాసన పోని పసిగుడ్డులున్నారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్, ఏ మందు పనిచేస్తుందో చెప్పే కల్చర్ రిపోర్టు నిండా మందు పేరు పక్కన ఆర్, ఆర్, ఆర్. రెసిస్టెంట్, అంటే ఆ మందుకి లొంగదని. ఆ బిడ్డ ఏ జలుబుకి ఎన్ని బిళ్ళలు మింగిందయ్యా? ఏ షాపులో రెండు చాలంది? తల్లికి ఏం చెబుతారు, ఎర్ర గీత కనబడలేదనా?

నా వంతు వచ్చింది. ఆవిరి పట్టుకునే క్యాప్సూల్స్ అడిగాను. కుర్రాడు మొదటిసారి తలెత్తి జాలిగా చూశాడు.

"ఆవిరికేం తగ్గుద్ది సార్? రెండివ్వనా, మూడా?"