కొట్టివేతకు పొట్టి సంతకం ఎవరిది?

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ 'అవే బ్లాక్‌చైన్‌లో ఉండుంటే ఈ గొడవే ఉండేది కాదు' అనేవాళ్లు బయల్దేరతారు. బ్లాక్‌చైన్ అంటే పలువురి దగ్గర కాపీలుండే, రాసింది గుట్టుగా మార్చలేని డిజిటల్ ఖాతా పుస్తకం. ఫైలు కాలిపోతుందన్న భయానికి బ్లాక్‌చైన్ అక్కర్లేదు. స్కాన్ చేసి, కాపీలు రెండు వేర్వేరు ఊళ్లలో దాచుకుంటే చాలు. బ్లాక్‌చైన్ అడ్డుకోగలిగే నష్టం వేరే రకం. కాగితం కాలదు, కంప్యూటర్ చెడిపోదు, అయినా ఒక ఉదయం మీ సర్వే నంబరు పక్కన ఇంకెవరి పేరో కనబడుతుంది. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అని అడిగితే ఆఫీసులో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఈ తేడా తెలియకుండా ప్రభుత్వాలు బ్లాక్‌చైన్ జపం చేస్తున్నాయన్నదే మా మొదటి అభ్యంతరం.

కాగితం మీద మనం వెనకబడి ఏమీ లేం. నీతి ఆయోగ్ 2020 జనవరిలో ఒక చర్చాపత్రం తెచ్చింది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2021 డిసెంబరులో జాతీయ వ్యూహం ప్రకటించింది. 2024 సెప్టెంబరు 4న 'విశ్వస్య' పేరుతో సొంత బ్లాక్‌చైన్ వేదికనే ప్రారంభించింది. రూ.64.76 కోట్ల ఆ ప్రాజెక్టులో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థలు సీడాక్, ఎన్‌ఐసీలతో పాటు హైదరాబాద్‌లోని ఐఐటీ, ట్రిపుల్ ఐటీ, బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీల చెయ్యి కూడా ఉంది. వ్యూహం ఉంది, యంత్రం ఉంది. ఏ శాఖ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు, తప్పు జరిగితే బాధ్యత ఎవరిది అని శాఖలన్నిటినీ కట్టిపడేసే విధానం ఇప్పుడు కావాలి. రాష్ట్రాలు మాత్రం ఎవరి దారి వారు పట్టాయి. 2017లోనే ఆంధ్రప్రదేశ్ అమరావతి ప్రాంత భూముల రికార్డుల మీద ప్రయోగం చేసింది. తెలంగాణ ఆ రంగం కంపెనీలను ఒకచోట చేర్చే 'బ్లాక్‌చైన్ డిస్ట్రిక్ట్' అంది. తమిళనాడు 2020లో తన సొంత విధానం తెచ్చుకుంది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా ఏటపల్లిలో కుల ధ్రువపత్రాలను ఏకంగా ఎవరైనా చూడగల పబ్లిక్ బ్లాక్‌చైన్ మీదే పెట్టింది. పైలట్ మీద పైలట్, ప్రారంభోత్సవం మీద ప్రారంభోత్సవం. ఆ తర్వాత ఏమైందని అడిగితే జవాబు అంత తొందరగా రాదు.

అసలు ఈ యంత్రం చేసేదేమిటో ఒక మార్కుల మెమోతో చూద్దాం. మెమోలోని వివరాలను ఒక లెక్కలో వేస్తే అరవై నాలుగు అక్షరాల, అంకెల వరస ఒకటి వస్తుంది. దాన్ని హ్యాష్ అంటారు. మన భాషలో ఆ మెమో వేలిముద్ర అనుకోవచ్చు. గణితంలో 61ని 81 చేసి మళ్లీ అదే లెక్కలో వేస్తే కొత్త వేలిముద్రకు పాతదానితో పోలికే ఉండదు. యూనివర్సిటీ చేయాల్సిందల్లా ఆ వేలిముద్రను అందరికీ కనబడే గొలుసులో, అంటే బ్లాక్‌చైన్‌లో, ఒకసారి నమోదు చేయడం. మెమో విద్యార్థి దగ్గరే ఉంటుంది, మార్కులు ఊరందరికీ తెలియవు. ఉద్యోగం ఇచ్చేవాడు మెమోను లెక్కలో వేసి చూసుకుంటాడు, అంతే. అమెరికా వెళ్లే మన పిల్లలు ట్రాన్‌స్క్రిప్టుల కోసం యూనివర్సిటీ పరిపాలన భవనం చుట్టూ తిరిగే రోజులు, హైదరాబాద్‌లో అప్పుడప్పుడూ పట్టుబడే దొంగ సర్టిఫికెట్ల ముఠాలు గుర్తున్నవారికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. 2007 నాటి సైబర్ దాడుల్లో దెబ్బతిన్న ఎస్టోనియా 2012 నుంచి తన ప్రభుత్వ రిజిస్టర్లలో వాడుతున్నదీ ఈ తరహా పద్ధతే. పత్రాలు ఆయా శాఖల దగ్గరే ఉంటాయి, వేలిముద్రలు మాత్రమే గొలుసెక్కుతాయి. బిట్‌కాయిన్‌తో దీనికి చుట్టరికం తప్ప సంబంధం లేదు.

ఇక్కడి దాకా ఇబ్బంది లేదు. గొలుసు ఎవరి చేతుల్లో ఉందన్న దగ్గరే చిక్కంతా. బ్లాక్‌చైన్ గొప్పతనం గణితంలో సగం, మిగతా సగం ఒకే ఖాతా పుస్తకం ఒకరికొకరు పడని మనుషుల దగ్గర విడివిడిగా ఉండటంలో. అన్న దగ్గర ఒక కాపీ, తమ్ముడి దగ్గర ఒక కాపీ, ఊరి పెద్ద దగ్గర ఒకటి ఉంటే ముగ్గురూ కుమ్మక్కైతే తప్ప లెక్క మారదు. 'విశ్వస్య' నడిచేది భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లలోని డేటా సెంటర్ల మీద. మూడు ఊళ్లు, నిజమే. మూడూ ఎన్‌ఐసీవే. ఇంటికి మూడు తాళాలు వేసి, మూడు తాళంచెవులూ ఒకే గుత్తికి తగిలించినట్టుంది. రేపు ఒక రికార్డు మీద పౌరుడికీ ప్రభుత్వానికీ తగాదా వస్తే, ప్రభుత్వం చేతిలోని మూడు కాపీలూ ఒకే మాట చెప్పాయన్న సాక్ష్యానికి ఎంత బలం ఉంటుంది? గొలుసు కాపీ ఉండే కంప్యూటర్‌ను నోడ్ అంటారు. ఒక నోడ్ ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ దగ్గర, ఒకటి హైకోర్టు దగ్గర ఉండాలని, మార్కుల మెమోలైతే యూనివర్సిటీల దగ్గర, తనఖాలైతే బ్యాంకుల దగ్గర కూడా ఉండాలని మేము కోరుతున్నాం. కుదరదంటారా, అయితే మామూలు డేటాబేస్ పెట్టుకుని బ్లాక్‌చైన్ పేరెత్తకుండా ఉండొచ్చు. ఖర్చయినా తగ్గుతుంది.

ఇక భూమి. బ్లాక్‌చైన్ అనగానే మన నాయకులకు మొదట గుర్తొచ్చేది ఇదే. మా దృష్టిలో చివర చేయాల్సిందీ ఇదే. మన దేశంలో రిజిస్టరైన దస్తావేజు ఒక లావాదేవీ జరిగిందని చెబుతుంది, అమ్మినవాడు అసలు యజమాని అని హామీ ఇవ్వదు. పాస్‌బుక్కులో తాతగారి పేరు, పొలంలో మనవడు, అడంగల్‌లో ఎప్పుడో అమ్మేసినవాడి పేరు, సాదా కాగితం మీద రాసుకున్న కొనుగోలు, సర్వే రాళ్లు గట్టు కింద ఎక్కడో. ఈ చిక్కుముడిని అలాగే ఎత్తుకెళ్లి చెరపలేని పుస్తకంలో రాస్తే, నిన్నటి దాకా తప్పుగా ఉన్నది రేపటి నుంచి తప్పుగానూ చెరగనిదిగానూ ఉంటుంది. 2015లో భూముల రికార్డులను బ్లాక్‌చైన్ ఎక్కిస్తామని బయల్దేరిన హోండురస్ ప్రయత్నం మొదట్లోనే ఆగిపోయింది.

తెలుగువాళ్లకు అంత దూరం వెళ్లక్కర్లేదు. తెలంగాణ భూముల రికార్డుల పోర్టల్ ధరణిలో బ్లాక్‌చైన్ ఉండేది కాదు. కానీ దాని మీద వచ్చిన ఫిర్యాదులు వినుంటే బ్లాక్‌చైన్ విధానం రాసేవారికి సగం పాఠం అయిపోయినట్టే. కంప్యూటర్‌లో పేరు తప్పు పడింది, తహశీల్దారు తన చేతిలో లేదంటాడు, కలెక్టరేట్‌కు పొమ్మంటారు, అక్కడ వరస. రైతు ఏడ్చింది టెక్నాలజీ పాతదని కాదు, సరిచేసే మనిషి దొరకలేదని. 2025లో భూభారతి చట్టం తెచ్చి అప్పీళ్ల అంచెలు మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో భూమి హక్కు ఎవరిదో నమోదు చేసే అధికారం ఒక అధికారికి ఇచ్చిన ల్యాండ్ టైటిలింగ్ చట్టం 2024 ఎన్నికల్లో పెద్ద రగడై, ప్రభుత్వం మారగానే రద్దయిందంటే దాని వెనక రాజకీయం ఎంతైనా ఉండొచ్చు. కానీ జనం అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: ఆ అధికారి తప్పు రాస్తే మేము ఎవరి దగ్గరికి పోవాలి?

దీనికి జవాబు మన పాత లెక్కల పుస్తకాల్లో ఉంది. చిట్టా, ఆవర్జా రాసిన గుమాస్తా తప్పు పడితే బ్లేడుతో గీకేవాడు కాదు. అలా గీకితే దొంగలెక్క కింద జమ. తప్పు అంకె కనబడేలా అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టేవాడు. బ్లాక్‌చైన్‌లో దిద్దుబాటు కూడా అంతే, పాతది చెరగదు, కొత్త నమోదు దాని మీదికి వస్తుంది. సాంకేతికంగా అది చిటికెలో పని. ఆ పొట్టి సంతకం పెట్టే హక్కు ఎవరికి, ఏ ఆధారం మీద, ఎవరికి నోటీసు ఇచ్చాక అన్నది ఏ సాఫ్ట్‌వేరూ తేల్చదు. పైగా 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పౌరుడికి తన సమాచారాన్ని దిద్దించుకునే, తొలగించమని అడిగే హక్కు ఇచ్చింది. పేర్లు, కులాలు, ఫోన్ నంబర్లు నేరుగా గొలుసులో పెడితే ఆ హక్కుతో ఢీకొనక తప్పదు. వేలిముద్రలు తప్ప వ్యక్తిగత వివరం ఏదీ గొలుసెక్కరాదన్న నియమం మొదటి పేజీలోనే ఉండాలి.

ఇంకొకటి, ఢిల్లీ నుంచి కనబడనిది. అధికారి డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ లాంటి ఒక చిన్న డాంగిల్‌లో ఉంటుంది. పని ఒత్తిడి ఎక్కువున్న ఆఫీసుల్లో అది అధికారి జేబులో కాక కంప్యూటర్ ఆపరేటర్ టేబుల్ సొరుగులో ఉండటం, పాస్‌వర్డ్ చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించి ఉండటం తెలియని రహస్యమేమీ కాదు. ఆ డాంగిల్‌తో ఎక్కిన అబద్ధాన్ని గొలుసు ఎంతో భద్రంగా, ఎప్పటికీ కాపాడుతుంది.

ఇవన్నీ చెప్పి వద్దనడం మా ఉద్దేశం కాదు. మన ఫోన్లకు వచ్చే కమర్షియల్ ఎస్ఎంఎస్‌లన్నీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం ఇలాంటి పంపిణీ లెడ్జర్ (పలువురి దగ్గర కాపీలుండే ఖాతా) గుండానే వస్తున్నాయి. ఆ సంగతి చాలామందికి తెలియదు. తెలియకపోవడమే దాని విజయం అనుకోవచ్చు, ఒక్క రోజు మినహాయిస్తే. 2021 మార్చి 8న సందేశాలను వడపోసే జల్లెడ కఠినం చేయగానే దేశమంతా ఓటీపీలు ఆగిపోయాయి. బ్యాంకు పనుల నుంచి కొవిడ్ టీకా రిజిస్ట్రేషన్ దాకా జనం ఒకటే టెన్షన్. లెడ్జర్ చెడిపోలేదు, సంస్థలు తమ సందేశాల నమూనాలు ముందుగా నమోదు చేసుకోలేదు. ట్రాయ్ వారం పాటు జల్లెడ పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆస్ట్రేలియా స్టాక్ ఎక్స్ఛేంజ్ ఏళ్ల తరబడి కష్టపడి, 2022 నవంబరులో సుమారు 25 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు నీళ్లొదులుకుని బ్లాక్‌చైన్ ప్రాజెక్టు ఆపేసింది. ఆపేయడం ఎప్పుడో కూడా ముందే రాసుకోవాలి.

మొదలు మెమోలు, ధ్రువపత్రాలతో పెట్టండి. చిట్‌ఫండ్లకూ ఇది నప్పుతుంది. పాట పాడేవారు, కట్టేవారు, నడిపేవారు ఒకరినొకరు పూర్తిగా నమ్మని చోటు అది. తెలంగాణ చిట్‌ఫండ్ల కోసం బ్లాక్‌చైన్ మీద పెట్టిన టీ-చిట్స్‌తో ఆ దారి చూపింది. వీధి చివర నోటిమాట మీద నడిచే చీటీలను ఏ గొలుసూ కట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

జాతీయ విధానం ముసాయిదా వస్తే అందులో సర్వర్లు, ప్రమాణాలు, స్టార్టప్‌ల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. మేము నేరుగా తిప్పేది దిద్దుబాటు పేజీ. తప్పు పడితే మండల స్థాయిలో ఏ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే అప్పీలు ఎక్కడ, ఈలోగా ఆ నమోదు మీద క్రయవిక్రయాలు ఆగుతాయా లేదా. ఈ నాలుగింటికీ జవాబు తెలుగులో, రైతు చదువుకునేలా రాసి ఉందా అని చూస్తాం.