ముల్లు లేచేసరికే ఆలస్యం: పాత బండికి అంకెల కాపలా

డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు మధ్యలో ఉంటే ఇంజన్ చల్లగా ఉన్నట్టే అని మనలో చాలామంది నమ్మకం. మూడేళ్ల కిందట మే నెలలో, ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా, ఆ నమ్మకమే మా 2011 మోడల్ పెట్రోలు కారులో, ఇంజన్ పైభాగమైన హెడ్ కింద లీకు కాకుండా బిగించే హెడ్ గ్యాస్కెట్‌ను తినేసింది. ముల్లు మధ్యలోనే ఉంది, ఉంది, ఒక్కసారిగా ఎర్ర గీత దగ్గరికి పోయింది. బానెట్ ఎత్తేసరికి ఆవిరి. విజయనగరం దాకా బండిని కట్టి లాక్కొచ్చి, హెడ్ విప్పి, లేత్ షాపులో దాని అడుగును చదును చేయించి, అన్నీ బిగించేసరికి పది రోజులు పట్టింది.

ముల్లు ఎందుకు ముందే చెప్పలేదు? చాలా కార్లలో దాన్ని కావాలనే అలా చేస్తారు. ఇంజన్‌ను చల్లార్చే నీళ్ల (కూలెంట్) వేడి సుమారు 80 నుంచి 105 డిగ్రీల మధ్య ఎంత మారినా ముల్లు నడుమనే నిలబడుతుంది. అది కాస్త ఆడితే చాలు, కొన్నవాళ్లు కంగారుపడి షోరూముకు పరుగెత్తుకొస్తారని ఈ ఏర్పాటు. కొత్త బండికి ఇబ్బంది లేదు. పదేళ్లు దాటిన బండికి మాత్రం ఆ పాతిక డిగ్రీల్లోనే కథంతా నడుస్తుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసి రేడియేటర్ గొట్టాల్లో మేమే పొర కట్టించాం. రోజూ 90 ఉండే వేడి 96 అయ్యి, 100 అయ్యి ఉంటుంది. ఆ సంగతి మాకు చెప్పే నాథుడు లేడు.

చెప్పే వస్తువు మాత్రం అప్పటికే బజారులో ఉంది. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దాన్ని ఓబీడీ పోర్టు అంటారు. అందులో గుచ్చే మీటరు ఇంజన్ కంప్యూటర్ చెప్పే అంకెలను చూపిస్తుంది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి అన్ని కార్లకూ ఒకే పద్ధతిలో తప్పనిసరి చేశారు. మన దేశమంతటా ఈ పోర్టును అడిగే బీఎస్-4 పొగ నిబంధనలు అమలైంది 2017 ఏప్రిల్ 1 నుంచి కాబట్టి, అంతకు ముందు మన జిల్లాల్లో కొన్న బండ్లలో కొన్ని ఈ పరికరానికి పూర్తిగా జవాబివ్వవు. కొన్నిటికి పోర్టే ఉండదు. మాది జవాబిచ్చింది. చిన్న డిజిటల్ మీటరు గుచ్చగానే కూలెంట్ వేడి, ఇంజన్ ఆర్పీఎం, బ్యాటరీ వోల్టేజీ అంకెల్లో కనిపించాయి.

అది చూపించిన మొదటి సంగతే నన్ను ఆశ్చర్యపరిచింది. డిసెంబరు రాత్రి హైవే మీద రణస్థలం వైపు పోతుంటే ఇంజన్ వేడి 64 డిగ్రీలు. అరగంట నడిపినా 70 దాటలేదు. తెలిసిన ఇంకో మేస్త్రీని అడిగితే గుట్టు బయటపడింది. హెడ్ పని చేసినప్పుడు షెడ్డులో థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్ల దారి తెరిచి మూసే కవాటం) తీసి పక్కన పడేశారు. "మన ఎండలకి అదెందుకు బాబూ, నీల్లకి అడ్డం తప్ప" అన్నాడు ఈ మేస్త్రీ కూడా. ఈ మాట శ్రీకాకుళం నుంచి కొత్తవలస దాకా ఎన్ని షెడ్లలో విన్నానో. కానీ థర్మోస్టాట్ పని ఇంజన్‌ను త్వరగా వేడెక్కించి ఆ వేడి దగ్గర నిలపడం. అది లేకపోతే కంప్యూటర్ ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆయిల్లో చేరిన తేమ ఎగిరిపోదు. 82 దగ్గర తెరుచుకునే కొత్తది వేయించాక అంకె 88–92 మధ్య కుదురుకుంది. మైలేజీ కూడా కాస్త మెరుగైంది.

మన మేస్త్రీల చెవినీ చేతినీ తక్కువ చేయడం లేదు. సుంకి ఘాట్ ఎక్కే లారీలను సాలూరు షెడ్లలో శబ్దం విని బాగుచేసే పనితనం ఏ మీటరుకూ రాదు. అయితే మేస్త్రీ బండిని చూసేది చెడిపోయాక. చెడిపోతున్నప్పుడు పక్కన ఉండేది డ్రైవరు. అందుకే ఈ అంకె డ్రైవరు కళ్ల ముందు ఉండాలని నా వాదన. పుస్తకంలో ఎంత రాశారన్నది తర్వాతి మాట, మన బండికి మామూలు అంకె ఎంతో ముందు మనకు తెలియాలి. ఇప్పుడు ఘాట్‌లో 98 చూస్తే ఏసీ ఆపి గేరు తగ్గిస్తాను. 105 అయితే పక్కకు తీసి నిలిపేస్తాను. రేడియేటర్ మూత మాత్రం ముట్టను. ఒత్తిడి వల్ల లోపల నీళ్లు 100 దాటినా మరగకుండా ఉంటాయి, మూత తిప్పిన క్షణంలో ఆవిరై మొహం మీదికి కొడతాయి.

పాత కారు కొనేవాళ్లకూ ఇది అక్కరకొస్తుంది. అమ్మేముందు ఇంజన్ లైటు ఆర్పించడం మామూలే. పోర్టు సరిగ్గా పలికే బండ్లలో, కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న లోపాల కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా కనిపిస్తుంది. అక్కడ 12 అని ఉంటే బేరం అక్కడితో ఆపండి.

ఈ మీటరును పూర్తిగా నమ్మితే మాత్రం ప్రమాదమే. హోస్ పగిలి నీళ్లన్నీ ఒక్కసారిగా కారిపోతే సెన్సార్ గాలిలో మిగులుతుంది. అప్పుడు ఇంజన్ కాలిపోతున్నా అంకె తక్కువే చూపించవచ్చు. ఆయిల్ ఎంత ఉందో చాలా కార్లలో ఈ పోర్టు చెప్పదు. పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి చూసే అలవాటు పోకూడదు. నాసిరకం బ్లూటూత్ పరికరాలు బండి ఆపాక కూడా బ్యాటరీని లాగుతూనే ఉంటాయి, వారం రోజులు బండి తీయనప్పుడు పీకి పెట్టాలి. నడుపుతూ అంకెల వైపే చూడకుండా, హద్దు దాటితే మోగేలా అలారం పెట్టుకోవాలి.

నా బాధ అసలు పోర్టే లేని జీపుల గురించి. కంప్యూటర్ లేని పాత డీజిల్ జీపుల్లో ఇప్పటికీ కొండ ఊళ్ల జనం సంతలకు వచ్చిపోతున్నారు. వాటికి ఇంకో దారి ఉంది. సిలిండర్ హెడ్ మీది ఏదో ఒక చిన్న బోల్టు కింద బిగించే వాషర్ లాంటి సెన్సార్, దానికి తీగ, డ్యాష్‌బోర్డు మీద చిన్న అంకెల మీటరు, బజరు. ఇది నీటి వేడిని కాక ఇనుము వేడిని కొలుస్తుంది కాబట్టి నీళ్లన్నీ పోయినా మోగుతుంది. బిగించడం ఏ ఆటో ఎలక్ట్రీషియన్‌కైనా గంట పని. సంత రోజు పొద్దున్నే పదిహేను మందితో కొండ దిగే జీపుకు, కొత్త సీటు కవర్లకంటే ముందు ఇది వేయించమని ఆ ఓనర్లను అడుగుతున్నాను.